మీరాలం చెరువు గట్టున



వేసవి సెలవుల్లో సండేస్కూలు పిల్లలను తీసుకొని హైదరాబాదు పాతబస్తీకి వెళ్లాము. చార్మినారు చూపించి, మీరాలం మండి సందడిలో కాసేపు తిరిగి, బస్సులో జూ పార్కు చేరుకున్నాము. దానిని ఆనుకొనే మీరాలం చెరువు ఉన్నది. ఇరవై ఒక్క రాతి కమానులు వరుసగా నిలబడి ఆ నీటిని ఆపుతున్నాయి.

"ఇంత కట్టడానికి డబ్బు ఎక్కడిది అయ్యగారూ?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

యుద్ధము నుండి వచ్చిందని చెప్పాము. 1799లో ఇంగ్లీషువారు మైసూరుపై దండెత్తినప్పుడు నిజాము వారితో చేరాడు. నిజాము సైన్యంతో వెళ్లిన మీర్ ఆలం, తన వాటాకు వచ్చిన సొమ్ముతో ఈ చెరువు కట్టించాడని చెబుతారు.

ఆ యుద్ధానికి నిప్పంటించింది ఒక కాగితము. టిప్పు సుల్తాను ఫ్రెంచివారి సహాయము కోరుతూ మారిషస్ దీవికి రహస్యంగా దూతలను పంపాడు. అక్కడి గవర్నరు మలార్తిక్ 1798 జనవరిలో ఆ సంగతిని బహిరంగంగా ప్రకటించాడు. ఆ పిలుపు విని బయలుదేరినవారు నూరుమంది కూడా లేరు. అయినా గవర్నరు జనరల్ వెల్లస్లీకి అది చాలింది. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది, టిప్పు మరణించాడు. అయితే భయము, రాజ్యకాంక్ష, పాత పగ అప్పటికే ఎండు కట్టెలవలె పేర్చి ఉన్నాయి. కాగితము వాటిమీద పడిన నిప్పురవ్వ మాత్రమే.

1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగినప్పుడూ ఇంతే. కొద్ది వారాల్లో ఐరోపా మండింది. నిజాము అశ్వికదళము సయితము ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్లవలసివచ్చింది. పోరాటములకు మూలము మనలోని ఆశలేనని యాకోబు భక్తుడు తన పత్రిక నాలుగవ అధ్యాయములో హెచ్చరించాడు.

ఇది చెబుతుండగా మాకే గుచ్చుకున్నది. మా సంఘములో ఇద్దరు అన్నదమ్ములు మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. పెళ్లి పత్రికలో అన్నగారి పేరు వేయలేదట. "ఒక్క పేరు కోసం ఇంత కోపమా?" అని మందలించి ఊరుకున్నాము. వెనుక పొలము పంపకాల బాధ ఉన్నదని తెలిసీ ఆ మాట ఎత్తలేదు. చెరువు గట్టున మమ్మును ప్రశ్నించిన పిల్లవాడు ఆ ఇంటివాడే.

తిరిగి వచ్చిన వారమే రెండిండ్లకూ వెళ్లాము. ఈసారి పెళ్లి పత్రిక గురించి కాక, పొలము గురించి అడిగాము. పెద్దాయన చాలాసేపు మౌనంగా ఉండి, తరువాత కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇంకా సమాధానము కుదరలేదు. ఇది వారి అనుమతితోనే వ్రాస్తున్నాము. ప్రియులారా, వారి కొరకు ప్రార్థించండి. మీ ఇంట పేరుకున్న ఎండు కట్టెలు కూడా, రవ్వ పడకముందే, ప్రభువు ఎదుట తీసివేయండి.