మాన్యుమెంట్ వాలీలో మా టూరింగ్ టాకీస్

కౌబాయ్ సినిమాలు చూసేవాళ్ళకి ఆ లోయ తెలుసు. పేరు తెలియకపోవచ్చు, అంతే! ఎర్రటి నేల, దాంట్లోంచి వెయ్యి అడుగుల ఎత్తున నిటారుగా లేచిన రాతిదిబ్బలు, వాటికింద దుమ్ము రేపుకుంటూ పరుగెత్తే గుర్రబ్బండి... ఆఁ, అదే! మాన్యుమెంట్ వాలీ. అమెరికాలో ఆరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దున, నవహో తెగవారి గడ్డమీద ఉంది. జాన్ ఫోర్డ్ 1939లో వచ్చిన 'స్టేజ్‌కోచ్'తో మొదలుపెట్టి ఎన్నో చిత్రాలకి అక్కడే కెమెరా పెట్టాడు. 1956 నాటి 'ది సెర్చర్స్' కూడా అక్కడిదే. అందులో కొమాంచీలుగా కనిపించినవాళ్ళలో చాలామంది నిజానికి నవహోలే!

2023 జూన్‌లో మా నాన్నగారిని అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన కుర్రతనంలో గోదావరి జిల్లాలో టూరింగ్ టాకీస్ ఆపరేటరు. 1971లో పద్మాలయా వారు తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' మా డేరా హాలుకి వచ్చినప్పుడు ఎన్ని ఆటలు వేశారో ఆయనకే లెక్క తెలియదు. కృష్ణగారు రాజస్థాన్ ఎడారిలో గుర్రమెక్కిన ఆ సినిమాని, అసలు కౌబాయ్‌ల లోయలో నాన్నగారికి చూపించాలని నా కోరిక. పిచ్చి కోరికే అనుకోండి!

హోటల్లో దిగలేదండోయ్. ఇల్లే మా వెంట వచ్చింది. ఫీనిక్స్‌లో మా గరాజ్‌లో నాలుగు నెలలపాటు నేనే కట్టిన ట్రెయిలర్ అది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. ఆ కొలతే ఎందుకంటే ప్లైవుడ్ పలక సరిగ్గా అంతే వస్తుంది, కోత తక్కువ. పక్కనుంచి చూస్తే నీటిబొట్టులా ఉంటుంది. లోపల ఇద్దరు పడుకోవచ్చు. వెనక డొక్కులో వంట సామాను, చిన్న ఫ్రిజ్.

ఆ ఫ్రిజ్ దగ్గరే వచ్చింది చిక్కు. నాన్నగారికి షుగరు. నెలరోజులకి సరిపడా ఇన్సులిన్ చల్లగా ఉంచాలి. జూన్ ఎడారిలో ఐసుపెట్టె ఎంతసేపు ఆగుతుంది? అందుకని కప్పుమీద 100 వాట్ల సోలార్ ప్యానెల్ బిగించాను.

బిగించడమంటే మాటలు కాదు. ట్రెయిలర్ గంటకి అరవై మైళ్ళ వేగంతో పోతుంటే గాలి ప్యానెల్ కింద దూరి గాలిపటంలా ఎత్తిపారేస్తుంది. ఒట్టి ప్లైవుడ్‌లోకి మరలు దిగేస్తే కుదుపులకి ఊడిపోతాయి. కప్పు లోపల అడ్డంగా వేసిన కర్రలు వెతికి, నాలుగు ఇనప క్లాంపులు పెట్టి, వాటిలోకి బోల్టులు దిగేశాను. ప్రతి కన్నం కిందా జిగురు పట్టీ, పైన సీలెంట్. లేకపోతే మొదటి వానకే మంచం తడుస్తుంది. ప్యానెల్‌కీ కప్పుకీ మధ్య రెండంగుళాల సందు వదిలాను. వేడెక్కినకొద్దీ దాని శక్తి తగ్గుతుంది మరి! వైరు లోపలికి దింపి, కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, ఆ తర్వాతే ప్యానెల్ కలిపాను. బ్యాటరీ పక్కనే ఫ్యూజు. మధ్యాహ్నం ఎండలో మీటరు 5 ఆంపియర్లు చూపించింది. భుజం నేనే తట్టుకున్నాను.

ఫ్లాగ్‌స్టాఫ్, ట్యూబా సిటీ, కయెంటా మీదుగా సాయంత్రానికి చేరాం. అక్కడో తమాషా. వేసవిలో ఆరిజోనా గడియారాలు మారవు, నవహోల గడియారాలు మాత్రం గంట ముందుకి వెళ్తాయి. కయెంటా చేరేసరికే మా గంట ఒకటి ఎగిరిపోయింది!

మర్నాడంతా లోయలో పదిహేడు మైళ్ళ మట్టిరోడ్డు తిరిగాం. చేతి తొడుగుల్లా ఉన్న రెండు 'మిటెన్' దిబ్బల్ని చూసి నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరేయ్, ఇవి నా రీళ్ళలో లేవు గానీ, ఎక్కడో చూశాన్రా" అన్నారు.

రాత్రికి తెర కడదామని తెల్లదుప్పటి, చిన్న ప్రొజెక్టరు బయటికి తీశాను. మీటరు చూస్తే గుండె గుభేలుమంది. బ్యాటరీ దాదాపు అడుగంటింది! ప్రొజెక్టరు వేస్తే ఫ్రిజ్ తెల్లారేదాకా నడవదు. పొద్దున్నించీ మండుటెండ. మరి కరెంటేమైంది?

"సినిమా వద్దులేరా" అన్నారు నాన్నగారు తేలిగ్గా. కానీ దుప్పటి మడతపెడుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అర్ధరాత్రి రెండుసార్లు లేచి ఫ్రిజ్ మీద చెయ్యి వేసి, మోటారు తిరుగుతోందో లేదో చూశాను.

పొద్దున్న పదింటికి వైర్లన్నీ విప్పి చూస్తున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. మీటరు మాత్రం ఒక్క ఆంపియరు దాటట్లేదు. ప్యానెల్ పాడైపోయిందని తిట్టుకుంటున్నాను. నాన్నగారు కాఫీ గ్లాసుతో బల్లమీదికెక్కి కప్పు వంక చూశారు.

"ఒరేయ్ అబ్బాయీ, తెరమీద ఎవడిదో తలకాయ పడిందిరా!"

నాకర్థం కాలేదు. ఆయన వేలు చూపించారు. గాలికోసం కప్పులో ఒక కిటికీ పెట్టాను. దాని మూత పైకెత్తితే జానెడు నిలబడుతుంది. ఆ మూత నీడ ప్యానెల్ అంచుమీద అరచెయ్యంత పడింది. అంతే!

"ఇంతదానికేనా?" అన్నాను.

"నేల టిక్కెట్టువాడు ఒక్కడు లేచి నిలబడితే హాలంతా అరిచేవాళ్ళు కాదట్రా?" అన్నారాయన.

నిజమే. ఆ ప్యానెల్‌లో 36 బిళ్ళలు పూసల దండలా ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. కరెంటు అన్నిట్లోంచీ వరసగా పోవాలి. ఒక్క బిళ్ళ చీకట్లో ఉంటే మిగతావాటి దారికీ అదే అడ్డం. పక్కదారి చూపే డయోడు ఉంటే సగమైనా దక్కుతుంది, పూర్తిగా దక్కదు. ఇంటిదగ్గర నేను పరీక్ష చేసింది మూత మూసి, నడినెత్తిన సూర్యుడున్నప్పుడు! ఇక్కడ ఉక్కకి ఓర్చుకోలేక మూత తెరిచే ఉంచాం. పైగా అది ప్యానెల్‌కి సూర్యుడొచ్చే వైపే ఉంది.

బోల్టులు విప్పి ప్యానెల్ జరిపే వీల్లేదు. "బండే తిప్పుదాం" అన్నారు. వద్దంటున్నా ఆయనా ఒక చెయ్యి వేశారు. కొక్కెం పట్టుకుని, ఎర్రదుమ్ములో చక్రాలు గిర్రున తిప్పి, మూతని ఉత్తరానికి మళ్ళించాం. నీడ అవతలికి దొర్లిపోయింది. మీటరు మూడు దాటింది! నాన్నగారు గ్లాసు పైకెత్తి ఈల వేశారు. డెబ్బయ్ రెండేళ్ళ మనిషి!

మాకు నీడ కావాలి, దానికి ఎండ కావాలి. అందుకని ట్రెయిలర్ని ఎండకి వదిలి, మేం పక్కన టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాం.

ఆ సాయంత్రం దిబ్బలు ముందు కాషాయం, తర్వాత వంగపండు రంగు, ఆపైన నలుపు తిరిగాయి. తొమ్మిదింటికి దుప్పటిమీద బొమ్మ పడింది. ఫ్రిజ్ తనపాటికి తాను గుర్రుమంటూనే ఉంది. నాన్నగారు తెర చూడకుండా పదేపదే వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఏమిటని అడిగాను.

"ఇంజను చప్పుడు లేదేమిట్రా? అది ఆగితే కదా ఆట ఆగేది. చెవి అలవాటుపడింది."

పదింటికి చప్పుడు చెయ్యకూడదని అక్కడి నియమం. సౌండు తీసేశాను. ఆయనకి ఇబ్బందేమీ లేదు. మిగతా కథంతా నా చెవిలో ఆయనే గుసగుసగా చెప్పేశారు. ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో కూడా!

తిరిగొచ్చాక ప్యానెల్ విప్పి, మూతకి రెండడుగుల దూరంగా వెనక్కి జరిపాను. పాత కన్నాలు నాలుగూ పూడ్చేశాను. మీరెవరైనా ఇలాంటి బండి కట్టుకుంటే మరలు దిగేసే ముందు ఒక రోజంతా ప్యానెల్‌ని ఊరికే కప్పుమీద పెట్టి, మూతలన్నీ తెరిచి, నీడ ఎక్కడెక్కడ నడుస్తుందో సుద్దముక్కతో గీసుకోండి. లేదా మా నాన్నగారిలాంటి ఆపరేటర్ని వెంట తీసుకెళ్ళండి!