ఆపి, మళ్ళీ వేస్తే సరా?

యంత్రం మొరాయిస్తే ఆపి మళ్ళీ వేయడమనే వైద్యం యీ రోజుల్లో యింటింటా తెలిసినదే. టీవీకి అదే, ఫోనుకు అదే, ఆఫీసు కంప్యూటరుకూ అదే. మేము దానిని తప్పు పట్టబోము. పని సాగుతుంది గదా! ఆ వైద్యంతో రోగమే పోయిందని నమ్మితేనే చిక్కు. మా ఆఫీసులో రెండేళ్ళపాటు అలాగే నమ్మారు. చివరకు అది వొక పేదవాని జీతం మీదికి వచ్చింది గనుక యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేముండేది హోసూరు. యీ చుట్టుపట్ల గులాబి తోటలు విస్తారమని చదువరులకు తెలిసే వుంటుంది. కోసిన పూలను రెండు మొదలు నాలుగు డిగ్రీల చలిలో వుంచకపోతే మొగ్గ విచ్చిపోతుంది. విచ్చిన పూవును బేరగాడు కన్నెత్తి చూడడు. అటువంటి పూలు దాచే వొక కోల్డు స్టోరేజిలో మేము గుమాస్తాలము. అక్కడ గోడకు చిన్న డబ్బా వొకటి బిగించారు. అందులో గోరంత చిప్పు, ఆ చిప్పులోనే వొక బుల్లి వెబ్ సర్వరు. ఫోనులోగాని ఆఫీసు కంప్యూటరులోగాని దాని పేజీ తెరిస్తే గదిలో చలి యెంతో అంకె కనబడుతుంది. పది సెకండ్లకొకసారి ఆ అంకె తనంతట తానే మారుతుంది.

కొన్నాళ్ళకొకసారి మారడం మానేది. డబ్బా అమ్మినవారిని అడిగితే "వైరు పీకి పెట్టండి" అన్నారు. పీకి పెట్టేవాళ్ళము. అలా చేసినప్పుడల్లా తేదీ, వేళ వొక నోటుబుక్కులో వేస్తూ వచ్చాము. యెవరూ వేయమనలేదు, గుమాస్తా చేయి వూరుకోదు.

2025 ఫిబ్రవరిలో, వాలెంటైన్స్ డే గిరాకీ ముమ్మరంగా వున్నప్పుడు, వొక రాత్రి కంప్రెసరు ఆగింది. డబ్బా అంతకు ముందే బిగుసుకుని వున్నది. తెరమీద మాత్రం 3 డిగ్రీలు చెక్కినట్టు నిలిచింది. కాపలా ముసలాయన గంట గంటకూ వచ్చి చూసి, కనబడిన 3నే రిజిస్టరులో వేశాడు. తెల్లవారి తలుపు తీసేసరికి గదినిండా విచ్చిన పూలే! చూడకుండానే వ్రాశాడని ఆయన జీతంలో నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలల కోత వేశారు. "కళ్ళారా చూసే రాశాను సారూ" అని ఆయన అరవంలో మాతో అన్నప్పుడు మేము జవాబు చెప్పలేకపోయాము.

మా అక్క కొడుకు బెంగుళూరులో యిటువంటి బుల్లి యంత్రాలకే ప్రోగ్రాములు వ్రాస్తాడు. ఉగాదికి వచ్చినవాడిని పట్టుకున్నాము. అమ్మినవారిని బతిమాలి ప్రోగ్రాము మూలప్రతి తెప్పించాము. "మామా, దీనికున్న ఖాళీ జాగా అంతా కలిపి నలభై వేల బైట్లు. నీ ఫోనులో వొక ఫోటోకు దీనికి వంద రెట్లు కావాలి" అన్నాడు. పేజీ అడిగినవారికల్లా సర్వరు ఆ జాగాలో కొంత కేటాయిస్తుంది. అడిగినదెవరు, యేమడిగారు, యెంతవరకు యిచ్చాము అని అందులో వ్రాసుకుంటుంది. వ్యవహారం తీరాక ఆ జాగాను తిరిగి జమ కట్టాలి. కట్టకపోతే దానిని మెమరీ లీకు అంటారట. మెట్రిక్‌తో చదువాపిన మాకు యిది వింతగా తోచలేదు. దస్త్రం పట్టుకుపోయినవాడు తిరిగి తేకపోతే బీరువా ఖాళీ కాదూ!

మొదట వాడు మిగిలిన జాగా యెంతో ఆ పేజీమీదనే కనబడేలా చేశాడు. పేజీని తెరిచాము, మూశాము, వందసార్లు. అంకె తగ్గింది, నాలుగైదు నిమిషాలలో మళ్ళీ పెరిగింది. దారిలో ఆలస్యమైన ముక్కలేమైనా వస్తాయేమోనని, మూసిన లంకెను కూడా కాసేపు లెక్కలో వుంచుకోవడం టీసీపీ ధర్మమట. అది లీకు కాదు. మరి కారేదెక్కడ?

అప్పుడు మా నోటుబుక్కు తీశాము. యెండల్లో డబ్బా ఆగినది తక్కువ. ఫిబ్రవరిలోనూ పండుగల ముందరా వారానికి రెండుసార్లు. అంటే కారణం వేడిమి కాదు, రద్దీ. రద్దీనాడు మేస్త్రీలు పేజీ తెరిచిన ఫోను జేబులో వేసుకుని గదిలోకి పోతుంటారు. ఆ గది గోడలు రెండు ఉక్కు రేకుల నడుమ నురుగు పోసినవి. తలుపు పడితే ఫోనుకు సిగ్నలుండదు. యీ మాట అనగానే మావాడు చివాలున లేచాడు. మేమే ఫోనుతో లోపలికి వెళ్ళి, తలుపు వేయించుకుని, వణుకుతూ బయటికి వచ్చాము. పేజీలో అంకె వెయ్యికి పైగా తగ్గింది. అరగంట చూశాము, తిరిగి పెరగలేదు.

సంగతేమంటే, 1997లో వచ్చిన వెబ్ నిబంధనల ప్రకారం పేజీ యిచ్చిన తరువాత కూడా లంకెను తెంచకుండా, మరొక ప్రశ్న వస్తుందని వుంచడం మామూలు. ఫోను మాటామంతీ లేకుండా మాయమైతే, 1981 నాటి టీసీపీ నియమాలలో మౌనమంటే మరణమని యెక్కడా లేదు. అవతలివాడు వున్నాడో లేడో తట్టి చూడడానికి 1989లో అనుమతి యిచ్చారు గాని, కోరితేనే సుమా! అదైనా మామూలుగా రెండు గంటలకు తక్కువ కారాదు. యీ ప్రోగ్రాము కోరనేలేదు. బయటికి వచ్చిన ఫోను కొత్త లంకె వేసుకుంటుంది. పాతది అనాథగా జాగా పట్టుకుని కూర్చుంటుంది. మరొక లోపమూ దొరికింది. లంకె తెగిందని అడుగు పొర చెప్పినా, పై పొర తన కాగితాన్ని చించడం లేదు. సవ్యంగా ముగిసిన దారిలో విడుదల వ్రాశారు, తప్పిన దారిలో మరిచారు.

మావాడు లంకెకొక గడియారం పెట్టాడు; పదిహేను సెకండ్లు పలుకు లేకపోతే మూసివేత. యే కారణాన ముగిసినా ఆ వొక్క మూసివేత గుండానే పోవాలి. వొకే వేళ నలుగురికే చోటు, అయిదోవాడు ఆగవలసినదే. అంకె పక్కన అది తీసిన వేళ చూపాలని, ముప్పై సెకండ్లు దాటితే అంకె పోయి గీతలు రావాలని మేము చెప్పాము. యంత్రం ఆగినా ఆగవచ్చు, పాత అంకెను కొత్తదని చూపరాదు.

రోజూ తెల్లవారుజామున దానంతటదే ఆగి మళ్ళీ మొదలయ్యే యేర్పాటు చేసిపోతామని అమ్మినవారు అన్నారు. వద్దన్నాము. లండను నగరపు ఆంబులెన్సు సర్వీసులో 1992 నవంబరు 4న కంప్యూటరు ఆగిపోయినది యిటువంటి లీకు వల్లనే. మూడు వారాల ముందు చేర్చిన చిన్న ప్రోగ్రాము ముక్క వొకటి, బండిని పంపినప్పుడల్లా కొంచెం జాగా తిరిగి యివ్వక, చివరకు సర్వరును నింపేసింది. రద్దీ పెరిగిననాడు లీకు తెల్లవారేదాకా ఆగదు.

ప్రోగ్రాము మార్చిననాటినుండి నోటుబుక్కులో కరెంటు పోయిన రోజులు తప్ప మరేమీ యెక్కలేదు. ఆ నోటుబుక్కు, తలుపు పరీక్ష రెండూ మేనేజరుగారికి చూపించాము. ఆయన తానే ఫోనుతో లోపలికి వెళ్ళి వచ్చి, మూడో నెలనుండి కోత ఆపించారు. అప్పటికే పట్టుకున్న రెండు వేలకు కాపలా ముసలాయన పేర అర్జీ మేమే వ్రాసి పెట్టాము. దానిమీద యింకా సంతకం కాలేదు.