అపు గొంతు, మా బాపు గొంతు

1990ల్లో అమెరికాలో పెరిగినవాళ్లను, మీకు తెలిసిన మొదటి భారతీయుడు ఎవరని అడిగి చూడండి. చాలామంది అపు పేరు చెబుతారు. అపు మనిషి కాదు, 'ది సింప్సన్స్' అనే కార్టూన్ సీరియల్లో ఒక బొమ్మ. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో క్విక్-ఇ-మార్ట్ అనే దుకాణం నడుపుతాడు. 1990లో మొదటిసారి తెర మీదికి వచ్చాడు. సత్యజిత్ రాయ్ సినిమాల్లోని అపు పేరే ఇతనికి పెట్టారు. ఇంటిపేరు మాత్రం మన దేశంలో ఏ మూలా వినపడనిది: నహాసపీమాపెటిలాన్. కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు, కష్టజీవి, మంచివాడు. అవేవీ జనానికి గుర్తుండలేదు. గుర్తుండిపోయింది ఆ గొంతు, ఆ గొంతులో వచ్చే "థాంక్యూ, కమ్ అగైన్".

ఆ గొంతు హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. 1968 నాటి 'ది పార్టీ' సినిమాలో పీటర్ సెల్లర్స్ ముఖానికి రంగు పూసుకుని వేసిన భారతీయుడి పాత్ర తనకు ప్రేరణ అని ఆయనే చెప్పాడు. అంటే కోట్ల ఇళ్లలోకి వెళ్లింది అనుకరణకు అనుకరణ. 1990 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో దాదాపు 25 కోట్ల మంది ఉంటే మనవాళ్లు 8 లక్షల చిల్లర. మూడు వందల మందికి ఒక్కరు. పక్కింట్లో భారతీయుడు లేని ఊళ్లే ఎక్కువ. అలాంటి ఊళ్లకు అపే పక్కింటి భారతీయుడయ్యాడు. సరిచూసుకోవడానికి వేరే మనిషి ఎదురుగా లేనప్పుడు తెర మీది బొమ్మే సాక్ష్యమవుతుంది.

నేను న్యూజెర్సీకి వచ్చింది వైటూకే రోజుల్లో, అంటే 2000 సంవత్సరం దగ్గర పడిన రోజుల్లో. మొదటి ఆఫీసులో ఒకాయన నాతో ఆప్యాయంగానే ఉండేవాడు. మీటింగ్ ముగిసి లేచేటప్పుడల్లా అపు గొంతు పెట్టి "థాంక్యూ, కమ్ అగైన్" అనేవాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. అప్పటికి ఆ సీరియల్ చూడలేదు కాబట్టి మాట అర్థం కాలేదు. నవ్వు మాత్రం వెంటనే అర్థమైంది. అది నేను హైదరాబాదులో విన్న నవ్వే.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. మా బాపు, అంటే మా నాన్న, "గిట్ల రా బిడ్డా" అని పిలిస్తే అందులో ప్రేమ తప్ప మరొకటి ఉండేది కాదు. అదే పిలుపు సినిమా హాల్లో వినపడితే మాట్లాడేవాడు రౌడీ, కాకపోతే తాగుబోతు, అదీ కాకపోతే నవ్వించడానికి పెట్టిన మనిషి. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు గారు తెలంగాణ యాస మాట్లాడే దుర్మార్గపు మంత్రిగా నటించి రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నారు. కృష్ణా జిల్లా కంకిపాడు మనిషి మా పలుకును అంత పట్టుకోవడం గొప్ప విద్య, ఆ నటన మీద నాకిప్పటికీ గౌరవమే. బాధల్లా ఆ తర్వాత పడిపోయిన అచ్చు గురించి. విలన్‌కు మా యాస, పనివాడికి శ్రీకాకుళం యాస, కత్తి పట్టినవాడికి సీమ యాస. హీరోకు, హీరోయిన్‌కు, వాళ్ల అమ్మానాన్నలకు కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్న ఇళ్ల తెలుగు. ఈ పంపకాన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. ఏళ్ల తరబడి వారం వారం చూసీ చూసీ, లోకం తీరే అంత అని అందరికీ అనిపించిపోయింది.

హైదరాబాదు హాస్టల్లో మా జిల్లాల పిల్లలు మొదటి ఏడాదే మారిపోయేవాళ్లు. "వచ్చిన, పోయిన" అనేవాడు దసరా సెలవులకల్లా "వచ్చాను, వెళ్లాను" అనేవాడు. ఇంటికి వెళ్లి అవ్వతో మాట్లాడేటప్పుడు మళ్లీ మార్చుకోవాలి. నవ్వినవాళ్లు ఆ పూటకే మరిచిపోతారు. నోరు తెరవబోయే పిల్లవాడు మాత్రం ఏళ్ల పాటు ప్రతి మాటనూ గొంతులోనే ఆపి వడకట్టుకుంటాడు. క్లాసులో జవాబు తెలిసీ లేచి నిలబడని పిల్లలను నేను చూశాను. సినిమా, టీవీ చేసే హాని గురించి మాట్లాడేటప్పుడు మనం హింసనూ అశ్లీలాన్నీ లెక్కేస్తాం. ఈ మౌనాన్ని ఎవరూ లెక్కేయరు. అమెరికాలో పుట్టిన మన పిల్లలకు అపు వల్ల జరిగిందీ ఇదే. వాళ్లకు ఆ యాస లేదు, వాళ్ల అమ్మానాన్నలకు ఉంది. స్నేహితుల ముందు అమ్మ ఇంగ్లిష్‌లో మాట్లాడితే బిడ్డ తల దించుకోవడం కంటే పెద్ద నష్టం ఏముంటుంది?

2017లో హరి కొండబోలు ఈ ప్రశ్నను నేరుగా అడిగాడు. న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన తెలుగువాళ్ల బిడ్డ, స్టాండప్ కమెడియన్. 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీసి, కాల్ పెన్, అజీజ్ అన్సారీ వంటి నటులతోనూ, అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన వివేక్ మూర్తితోనూ మాట్లాడించాడు. దేశంలో పెద్ద చర్చే జరిగింది. 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు, మరుసటి ఏడాది బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అడిగేవాడుంటే మార్పు వస్తుందనడానికి ఇది రుజువు.

అదే 2017లో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి మా యాసలో అలుగుతుంది, ప్రేమిస్తుంది, అమెరికా అబ్బాయికి ఎదురు మాట్లాడుతుంది. న్యూజెర్సీ థియేటర్లో మా అమ్మాయి నా చెయ్యి గుంజి "తాత మాట్లాడినట్టే ఉంది" అంది. తాత పలుకు హీరోయిన్ నోట వినడం ఆ పిల్లకు ఎంత బలమిచ్చిందో నాకు తెలుసు, ఆ వారమే బాపుకు ఫోన్ చేసి తనే మాట్లాడింది. తర్వాత 2023లో 'బలగం' వచ్చి, ఒక చావు ఇంటిని మొత్తం మా మాటలోనే చూపించింది. తెలంగాణ యాస విలన్లను ఎవరూ నిషేధించలేదు. అదే యాసలో ఏడ్చేవాళ్లు, మనసిచ్చేవాళ్లు, తప్పు దిద్దుకునేవాళ్లు వచ్చారు. దాంతో పాత అచ్చు దానంతటదే పలచబడింది.

అపు విషయంలో జరిగింది వేరు. అజారియా తప్పుకున్నాక అపు తెర మీద కనిపిస్తాడు గానీ మాట్లాడడు. ఇది న్యాయం కాదని నా నమ్మకం. అమెరికాలోని మా తెలుగు సంఘాల్లో కొందరు పెద్దలు అపును తలుచుకుని, "మనం ఇంజనీర్లం, డాక్టర్లం, మనల్ని దుకాణదారులుగా చూపిస్తారా" అని కోపపడతారు. ఈ కోపాన్ని నేను ఒప్పుకోను. దుకాణం నడపడంలో చిన్నతనం ఏముంది? ఈ దేశపు కౌంటర్ల వెనక మన పిల్లలు ఎంతమంది లేరు! ఎంఎస్ ఫీజు కోసం రాత్రి షిఫ్టులు చేసే ఆ పిల్లలు మన తెలుగు చానళ్లలో కనిపించేది ఎవరైనా తుపాకీతో కాల్చినప్పుడే. బతికి ఉన్నంతకాలం వాళ్ల కథ అమెరికా తెర మీదా లేదు, తెలుగు తెర మీదా లేదు.

న్యూజెర్సీలో కారుకు పెట్రోలు ఎవరికి వాళ్లు కొట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, బంకు మనిషి వచ్చి కొట్టాలి. మా ఇంటి దగ్గరి బంకులో ఆ పని చేసేది నల్గొండ ఆయన. మంచు కురిసే రాత్రి కూడా నిలబడి పెట్రోలు కొడతాడు. రోడ్డు మీది మంచు ఎత్తే లారీల డ్రైవర్లకు కాఫీ ఇచ్చి డబ్బు తీసుకోడు. రోజూ వచ్చే ముసలాయన కనపడకపోతే వాకబు చేస్తాడు. ఆయన ఇంగ్లిష్ నల్గొండ ఇంగ్లిషే, వచ్చేవాళ్లందరికీ అర్థమవుతుంది. అపు మళ్లీ మాట్లాడాలని, ఆ మాటలు మన పిల్లలే రాయాలని నేను కోరుకునేది ఈయన కోసమే.