ఊదే ముందు ఒక్క ఊపిరి

వారమంతా కోడ్ రాసే ఉద్యోగం. ఈ సీజన్ నుంచి ఆదివారాలు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్తున్నా. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును సెమీస్ దాకా తీసుకెళ్లిన కోచ్ రహీం సాబ్ మన హైదరాబాదీయే. ఇక్కడ ఆట తెలిసినవాళ్లకు కొదవలేదు. గీత అవతల నిలబడి అరిచేవాళ్లకూ లేదు! మొదటి వారాల్లో టాస్ వేసేటప్పుడు చేతులు చల్లబడిపోయేవి.

ఎందుకంత భయం? కోడ్‌లో బగ్ దొరికితే పాత వెర్షన్‌కి వెళ్లిపోవచ్చు. గ్రౌండ్‌లో అలా కుదరదు. ఫుట్‌బాల్‌కి ఉన్న 17 నియమాల్లో అయిదోది ప్రకారం, ఆట మళ్లీ మొదలయ్యాక ఇచ్చిన పెనాల్టీని వెనక్కి తీసుకోలేం. నా ఒక్క విజిల్‌తో ఓ పద్నాలుగేళ్ల పిల్లాడి కష్టం వృథా కావచ్చు.

అయితే ఆ నియమంలోనే ధైర్యమూ ఉంది. ఆట మళ్లీ మొదలయ్యేదాకా టైమ్ నాదే. అసిస్టెంట్‌ని అడగొచ్చు, నిర్ణయం మార్చొచ్చు. ఫౌల్ అయినా అడ్వాంటేజ్ ఇచ్చి, కొన్ని సెకన్లలో లాభం రాకపోతే అప్పుడు ఊదొచ్చు.

అందుకే విజిల్ నోట్లో పెట్టుకోను, చేతిలో పట్టుకుంటా. అది పెదాల దాకా వచ్చేలోపు ఒక్క ఊపిరి తీసుకుంటా. ఊదితే మాత్రం గట్టిగానే. సన్నగా ఊదితే వాదనలు ఎక్కువ.

మీరూ ఈ ఏడాదే మొదలుపెడుతుంటే, తొలి పది నిమిషాలు ఆటకు దగ్గరగా పరిగెత్తండి. కాళ్లు పనిలో పడితే చేతుల వణుకు దానంతటదే తగ్గుతుంది.