దీపము లేని గూడు

ఫ్రాన్సులోని పెరూజ్ గ్రామములో, సెయింట్ జార్జ్ ప్రతిమగల గూటితో నిలిచియున్న పాత ఇంటి ముందు, మాకు ఊరు చూపించుచున్న గైడు ఆ కొయ్యబొమ్మ కాలమును, గోడ కట్టుబడిని పావుగంటసేపు వర్ణించి ముగించిన పిమ్మట, తెనాలినుండి వచ్చిన మా పిన్ని నావైపు తిరిగి, "ఇంతకీ దీపమెవరు పెడతార్రా?" అని అడిగెను. నేనా ప్రశ్నను ఫ్రెంచిలో వినిపింపగా, ఎవరును పెట్టరనియు, కొయ్యబొమ్మ దగ్గర నిప్పు కూడదనియు ఆయన చెప్పెను. సమంజసమైన సమాధానమే, కాని నాకు మనసొప్పలేదు.

ఈ ఊరిని కాపాడినవారిపట్ల నాకెంతో గౌరవము కలదు. నారబట్టల నేతతో బ్రతికి, 1468లో ముట్టడించిన దోఫినే సీమ సేనలను తరిమికొట్టిన ఈ పల్లెనుండి, రైలుమార్గము దూరముగా పోవుటచేతను, మగ్గములు మూలబడుటచేతను జనము తరలిపోయి, ఇండ్లు ఒకటొకటిగా నేలమట్టమగుచుండగా, 1911లో కొందరు సంఘముగా ఏర్పడి అడ్డుపడిరి. 1913 నాటి చట్టము చారిత్రక కట్టడములకు రక్షణ కల్పించగా, 1943 నాటి చట్టము ఆ రక్షణను వాటి చుట్టును 500 మీటర్లవరకు విస్తరించెను. ఆ మేర లోపల కిటికీ తలుపుల రంగు మార్చవలెనన్నను ప్రభుత్వ వాస్తుశిల్పి సమ్మతి కావలెను. నేతగాండ్ర ఊరిని రాజుల కోటతో సమానముగా మన్నించిన ఈ జాతిని మెచ్చుకొనకుండుట ఎట్లు? అయినను ఆ గూటిలో దీపము లేదు.

దీపముల సంగతి వీరెరుగరందుమా, నేను కాపురముండు లియోను నగరము ఆ పెరూజునకు ఎంతో దూరము కాదు. 1852లో ఫూర్వియేరు కొండపై మేరీమాత విగ్రహావిష్కరణ సెప్టెంబరులో జరుగవలసియుండి, సోన్ నది వరదచేత డిసెంబరు 8కి వాయిదాపడెను. ఆ దినమున గాలివాన ఉత్సవమును ఆటంకపరచినను, వాన వెలిసిన పిదప ప్రజలు తమంత తాము కిటికీలలో దీపములు వెలిగించిరట. నాటినుండి ఏటేట ఆ రాత్రి గాజుగిన్నెలలోని కొవ్వొత్తులు కిటికీ అంచులమీద బారులు తీరును. వానిని చూచినప్పుడెల్ల మా కృష్ణ కాలువరేవులోని కార్తీకము కన్నులకు కట్టి, ఈ పరాయి నగరము నాకు ఆప్తమగును. అటువంటి గాజుగిన్నె నొకదానిని, కొయ్యకు ఎడముగా, ఆ గూటి క్రింది గడపరాతిమీద నుంచిన ఏ చట్టము వలదనును? మన రావిచెట్టు క్రింది నాగదేవతకు ఏ రక్షిత కట్టడముల జాబితాలోను చోటు లేదు. అయినను పసుపునకు, పాలకు కొదువ లేదు.

ఇంతవరకు వ్రాసి, దుగ్గిరాలలోని మా అమ్మమ్మగారి మండువా ఇల్లు తలపునకు రాగా, కలము కొంతసేపు ఆగినది. పంచలో, వీధితలుపు ప్రక్కన, తరతరాల దీపపు మసితో నల్లబడిన గూడుండెడిది. సంక్రాంతికి ఇల్లంతయు సున్నము కొట్టించినను అమ్మమ్మ ఆ మసిని మాత్రము ముట్టనిచ్చెడిది కాదు. పంపకములైన పిమ్మట టేకు స్తంభములకు బేరగాండ్రు వచ్చిరి, ద్వారబంధములకు వచ్చిరి, తుదకు పెంకులకును వచ్చిరి. గూటికి ఎవరును రాలేదు. గోడతోపాటు అదియు కూలినది. నేడచ్చట అపార్టుమెంటు కలదు.

మనకును చట్టములు కలవు. 1958 నాటి శాసనము ఆలయములను, కోటలను కాపాడుచున్నది. 2010 నాటి సవరణ వాటి చుట్టును 100 మీటర్లలోపల కొత్త కట్టడములను నిషేధించినది. కాని సామాన్యుడు పిల్లాపాపలతో కాపురము చేసిన ఇంటికి అందులో చోటు దొరకుట అరుదు. తెలుగు రాష్ట్రములు రెండును జిల్లాకొక మండువా ఇంటినైనను ఎంపిక చేసి, మరమ్మతునకు ధనమిచ్చి, గూటిలో దీపము పెట్టుకొను అధికారమును మాత్రము ఆ ఇంటివారికే విడువవలెను.