ప్యాకింగు కాగితము

మా యింట 1978వ సంవత్సరపు అంబాసిడరు కారొకటి కలదు. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని ఆధారముగా గొని, హిందూస్థాన్ మోటార్సువారు 2014 వరకు ఉత్తరపారాలో నిర్మించిన జాతి యిది. మా తండ్రిగారి బండి యగుటచే దానిని విడువ మనసొప్పదు.

గత వేసవిలో మహబూబునగరమునుండి కల్వకుర్తి, దేవరకొండల మీదుగా నల్లగొండ చేరిన మరునాడు, వెనుక చక్రముల నడుమ నేలపై నల్లని నూనె మరక కనబడెను. డిఫరెన్షియల్ ప్యాకింగు మార్పించి నాలుగు నెలలైనను కాలేదు. కోపముతో మేస్త్రీ కడకు పోయి, "ఏమి పని చేసితివి నీవు?" అని పదిమంది యెదుట గద్దించితిని. ఆయన నాకంటె పదేండ్లు పెద్ద. మారు పలుకక బండి క్రింద దూరెను.

బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము పోవలెను. రెండింటిని వేర్వేరు వేగములతో తిరుగనిచ్చుటయే డిఫరెన్షియల్ పని. ఆ పండ్లచక్రములు చిక్కని నూనెలో మునిగి తిరుగుచుండును. వానిని మోయు భాగమునకును ఇరుసు పెట్టెకును నడుమ నూనె కారకుండ నుంచు పలుచని కాగితమే ప్యాకింగు.

కాగిత మొక్కటి మార్చుటకు ఎంత శ్రమ! నూనె దింపవలెను, బ్రేకు డ్రమ్ములు తీసి రెండు వైపుల ఇరుసు కడ్డీలను వెలుపలికి లాగవలెను, తిరిగి యథాస్థానమున కూర్చుటకై గురుతు పెట్టి ప్రొపెల్లరు షాఫ్టును విడదీయవలెను. అపుడుగాని ఆ బరువైన భాగము ఊడిరాదు. మేస్త్రీ పాత కాగితమును గీతపడకుండ గీకి, క్రొత్తది పరచి, నట్లను ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగించెను. పిదప ఇరుసు పెట్టెపై గాలి పోవు సన్నని రంధ్రమును తడిమి చూచెను. అది ఎర్రమట్టితో పూడియుండెను.

దారిలో నూనె వేడెక్కగా లోని గాలి వ్యాపించును. దానికి త్రోవ లేకున్న నూనెను తోసికొని ప్యాకింగు గుండ, చక్రముల కడనున్న సీళ్ల గుండ వెడలును. ఆ నూనె బ్రేకులకు సోకిన బండి సరిగా ఆగదు. ఆనాడు బండిలో మా పిల్లలుండిరి.

"పోయినసారి ఇది చూడకపోతి సారూ. తప్పు నాదే" అని ఆయన పదిమంది యెదుటనే యనెను.

పోయినమారు "సాయంత్రమునకే కావలె" నని తొందరపెట్టినవాడను నేనే. ఆ మాట ఆయన యెత్తలేదు. చదువుకొన్నవాడనని పేరేగాని, నీవని పిలుచువారి యెదుట నా తప్పొప్పుకొనిన దినము నాకొక్కటియు జ్ఞప్తికి రాలేదు. "తొందరపెట్టినది నేను. తప్పు నాది కూడ. మీరు మన్నించవలె" నంటిని. ఆ 'మీరు' వినగానే ఆయన తలయెత్తి చూచి, మరల పాన చేతబట్టెను.

నేడు మా నేల పొడిగా నున్నది. నెలకొకమారు ఆ రంధ్రమును మా పెద్దవాడు శుభ్రపరచును. మేస్త్రీని వాడు మీరనియే పిలుచుచున్నాడు. నేను నేర్పలేదు, విని నేర్చుకొన్నాడు.