బస్తరు కాలిబాట మీద సైకిలు

దారి అనగానే పరిపాలనా యంత్రాంగానికి ముందుగా స్ఫురించేవి పొడవు, వెడల్పు, అంచనా వ్యయం. బస్తరు అడవిలోని దారి ఈ మూడు లెక్కలకూ లొంగదు. దాని వెడల్పు ఒక పాదం. అది ఇంటి పెరట్లో మొదలై, వరిమడి గట్టు మీదుగా సాగి, గుగ్గిలం చెట్ల నడుమ దూరి, నీరు పలుచబడిన చోట వాగు దాటి, చివరకు సంతలో తేలుతుంది. దానికి శంకుస్థాపన జరగలేదు, ప్రారంభోత్సవమూ జరగలేదు. తరతరాల పాదాలు తొక్కడమే దాని నిర్మాణం, తొక్కుతూ ఉండడమే దాని మరమ్మతు.

ఇటువంటి సన్నని బాటల మీద సైకిలు తొక్కడం నేడు ప్రపంచమంతటా ఒక క్రీడ. 1976లో కాలిఫోర్నియాలోని మెరిన్ ప్రాంతపు కొండలలో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్లను మట్టిదారులపై కిందికి ఉరికించి పందేలు వేసుకున్నారు. మరుసటి ఏడాది జో బ్రీజ్ ఆ పనికోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు చట్రాన్ని తయారుచేశాడు. అటుపిమ్మట కొండ సైకిలు ఒక పరిశ్రమ అయింది. దానికోసం బాటలను పనిగట్టుకొని మలచే దేశాలు కూడా ఉన్నాయి. బస్తరులో కథ తలకిందులు. ఇక్కడ బాట ముందు పుట్టింది, సైకిలు తరువాత వచ్చింది. వచ్చినది కూడా గేర్లు లేని, బరువులు మోసే మామూలు సైకిలు.

ఈ రెంటికీ పొత్తు కుదరడంలో ఆశ్చర్యం లేదు. సైకిలు చక్రాలు రెండూ ఒకే గీతలో నడుస్తాయి కనుక పాదం పట్టే చోటు దానికి చాలును. పైగా ఈ బాటలు భుజాన కావడి ఉన్న మనిషి నడకకు అమరినవి. నిటారుగా కొండ నెక్కక, వాలును ఒరుసుకుంటూ నిదానంగా ఎక్కుతాయి. కావడికి అనువైన ఏటవాలు సైకిలుకూ అనువే. సంతకు పోయేటప్పుడు వెనుక చింతపండు మూటో, ఇప్పపువ్వు బస్తానో ఉంటుంది. వచ్చేటప్పుడు ఉప్పు, నూనె, గుడ్డలు ఉంటాయి. ఎగువలో మనిషి దిగి తోస్తాడు, దిగువలో బండి మనిషిని మోస్తుంది. వానలలో ఎర్రమట్టి జారుతుంది. ఫాల్గుణంలో రాలిన ఆకులు రాళ్లనూ వేళ్లనూ కప్పివేస్తాయి. అప్పుడు కంటికంటె అలవాటే నమ్మదగిన తోడు. రాష్ట్ర ప్రభుత్వపు సరస్వతీ సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతిలో సైకిలు అందుకున్న బాలికకు ఈ బాటే బడికి దగ్గరి దారి.

చరిత్ర కూడా ఈ బాటల మీదుగానే నడిచింది. బారసూరులో దొరికిన నాగవంశీయుల కాలపు తెలుగు శాసనాలు, గోదావరి తీరానికీ ఇంద్రావతి తీరానికీ నడుమ రాకపోకలు ఎంత పాతవో చెబుతున్నాయి. కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి ఈ సీమకు వచ్చాడని 1703 నాటి దంతేవాడ శాసనం చెప్పుకుంది. రాజవంశాల రాకను శాసనాలు రాసిపెట్టాయి కాని, వారిని నడిపించుకు వచ్చిన బాటలను ఏ శాసనమూ పేర్కొనలేదు.

1910లో ఆ బాటలకు ఒక ఘనకార్యం దక్కింది. అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని 1905లో వలస ప్రభుత్వం ప్రతిపాదించింది. దానిపై రగిలిన భూమకాల్ తిరుగుబాటుకు ముందు మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరినుండి ఊరికి చేతులు మారుతూ పోయాయి. తంతి లేదు, తపాలా లేదు, కాలిబాట ఉన్నది. తిరుగుబాటును అణచివేశారు గాని, రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని సుమారు సగానికి తగ్గించక తప్పలేదు.

ఇటీవలి దశాబ్దాలలో ఇవే బాటలు భయానికి తావులయ్యాయి. 2005 తరువాతి హింసాకాండలో ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. మనుషులు నడవని బాటలను రెండు వానాకాలాలలోనే అడవి మింగివేసింది. బాటల కింద పాతిన మందుపాతరలకు తునికాకు కోసం పోయిన సామాన్యులు కూడా బలయ్యారు. పాదం పెట్టే ముందు నేలను అనుమానించవలసి రావడం కంటె అడవిబిడ్డకు పెద్ద శిక్ష మరొకటి ఉండదు.

ఇప్పుడు యాత్రికుల రాక మొదలైంది. 1982లో జాతీయ ఉద్యానమైన కాంగేర్ లోయ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఆ లోయలోని ధుడ్మారస్ గ్రామాన్ని 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంపిక చేసింది. తీరథ్‌గఢ్ జలపాతం చూడవచ్చినవారు రేపు లావు టైర్ల సైకిళ్లతో అడవిబాట పట్టినా వింత లేదు. పట్టడం మంచిదే, మోటారు వాహనం పొగతో, రొదతో చేసే హాని సైకిలు చేయదు. కాని ఎవరి బాట మీద ఎవరు అతిథులో అప్పుడు తేలాలి.

చట్టం ఈ విషయంలో రెండు ముఖాలు చూపుతుంది. 1927 అటవీ చట్టం 25వ సెక్షను, రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో రిజర్వు అడవిలోని బాటను మూసివేసే అధికారాన్ని అటవీ అధికారికి ఇచ్చింది. సౌకర్యమైన ప్రత్యామ్నాయం ఉండాలన్నది అందులోని షరతు. ఆ సౌకర్యాన్ని నిర్ణయించేది మాత్రం ప్రభుత్వమే. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభను ముందుకు తెచ్చింది. కాంగేర్ లోయలోని గుడియాపదర్ గ్రామానికి 2022లో సాముదాయిక అటవీ వనరుల హక్కు లభించడం ఆ చట్టపు ఫలమే. హక్కు కోరే గ్రామం తన సరిహద్దులనూ చెరువులనూ దేవతల తావులనూ పటంలో గుర్తిస్తున్నది. ఆ పటంలో సంతబాట, బడిబాట, వాగుబాట కూడా గీయాలి. గీసిన బాటను మూయాలంటే కారణం చెప్పవలసి ఉంటుంది. గీయని బాటను మూసినా, అక్కడ బాట లేనేలేదని కాగితం సాక్ష్యం పలుకుతుంది.

తారు రోడ్డు వద్దనడం న్యాయం కాదు. పురిటి నొప్పుల స్త్రీకి అంబులెన్సు రావాలి, రేషను బియ్యం చేరాలి. అయితే రోడ్డు ఊరిని పట్టణంతో కలుపుతుంది; బాట ఊరిని ఊరితో కలుపుతుంది. ఒకటి వచ్చినంతమాత్రాన మరొకటి అనవసరం కాదు. రోడ్డు పని పూర్తయిన నాడు పాత బాటల జాబితా కూడా దస్త్రంలో చేరితే, దానికయ్యే ఖర్చు కొన్ని కాగితాలు, ఊరి పెద్దలతో ఒక రోజు నడక మాత్రమే. ఆ నడకకు అధికారి జీపు దిగాలి. కనీసం సైకిలైనా ఎక్కాలి.